ముప్ఫై ఒకటో టోపీ

సిగ్నల్ ఇద్వల్ చేతిలో తప్పు దొర్లదని మా లోయలో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళెవరైనా ఉంటే ఆయనే చెప్పేవాడు. నలభై ఏళ్ళు రైల్వే సిగ్నల్ గదిలో కూర్చుని ఒక్క బండినైనా తప్పుడు పట్టాలెక్కించని మనిషి. ఆ కళ్ళజోడుతోనే, ఆ పెన్సిలుతోనే మా రగ్బీ జట్టు చరిత్ర కూడా రాసుకొచ్చాడు.

ఆకుపచ్చ అట్ట పుస్తకం ఒకటి. లోయ జట్టు తరఫున మైదానంలో కాలు పెట్టిన ప్రతివాడికీ అందులో ఒక నంబరు. ముందు దిగినవాడికి ముందు నంబరు. పక్కన పేరు, తేదీ, ఎవరితో ఆడారో ఆ వివరం, అన్నిటికన్నా చివర 'పాట' అని ఒక గడి. కొత్తగా వచ్చినవాడు తొలి ఆట ఆడిన సాయంత్రం, భోజనాల దగ్గర కుర్చీ ఎక్కి పాట పాడాలి. గొంతు ఎలా ఏడిచినా సరే, పాడాలి. పాడితే ఇద్వల్ ఆ గడిలో టిక్కు పెడతాడు. పాడనివాడు ఎన్ని పాయింట్లు కొట్టుకొచ్చినా మనవాడు కాడు.

ఆ శనివారంతో జట్టుకి ఇరవై ఏళ్ళు నిండుతున్నాయి. ఆటకి ముందు, ఇన్నేళ్ళలో ఆడిన రెండు వందల పద్నాలుగు మందినీ మైదానంలో వరసగా నిలబెట్టి తలకో మఖమల్ టోపీ పెడతారు. టోపీ మీద బంగారు దారంతో ఎవరి నంబరు వాళ్ళది. మైకులో పేర్లు పిలిచేది ఇద్వల్. వారం నుంచీ అద్దం ముందు నిలబడి చదువుకుంటున్నాడు.

గురువారం ఉదయం ఏడింటికి రోజులాగే రొట్టెల ఎమ్లిన్ కొట్టుకి వెళ్ళాడు. వేల్స్‌లో ఏ లోయకెళ్ళినా ఇంటిపేర్లు పట్టుమని పదిహేను ఉండవు. ఒక్క వీధిలోనే ముగ్గురు ఎమ్లిన్ రీస్‌లు తగులుతారు. అందుకని మనిషిని వాడి పనితోనో వాటంతోనో కలిపి పిలుస్తాం. లోపల ఎమ్లిన్ పిండి పిసుకుతూ పాడుతున్నాడు. అదే పాట. చాపెల్లో పాడే పాతకాలపు కీర్తన. ఇద్వల్ తలుపు తోశాడు, గంట మోగింది, పాట మూడో చరణం మొదట్లోనే ఆగిపోయింది. ఎమ్లిన్ ఏప్రానుకి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏళ్ళ తరబడి అదే పాటేమిటయ్యా? ఇంకోటి రాదా నీకు?"

"ఇది సరిగ్గా రానీ అన్నా, ఇంకోటి నేర్చుకుంటా" అని నవ్వి, వేడి రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఆ రొట్టె చంకలో పెట్టుకునే స్టేడియం వెనకాల లాండ్రీ గదికి వెళ్ళాడు ఇద్వల్. అది నెస్టా రాజ్యం. జట్టు పుట్టిన రోజు నుంచీ చొక్కాలు ఉతికేదీ, చిరుగులు కుట్టేదీ ఆవిడే. ఇప్పుడు టోపీల మీద నంబర్లు కుట్టే పని కూడా నెత్తిన పడింది.

"కాళ్ళు తుడుచుకో. బురద బయట, నీ చరిత్ర కూడా బయట" అంది తలెత్తకుండా.

"ఆఖరి జాబితా తెచ్చానమ్మా. అక్షరం తప్పు లేదు."

"లేదూ? అయితే ఇలా రా."

ఇస్త్రీ బల్ల మీద పాత గుడ్డ ఊడదీసి ఉంది. శనివారం ఫొటోలవాళ్ళు వస్తారని బల్లకి కొత్త గుడ్డ కడదామనుకుంది. గుడ్డ కింద దుప్పటి, దుప్పటి కింద మెత్తదనానికి మడిచి వేసిన చొక్కా ఒకటి బయటపడ్డాయి. సగం నలుపు, సగం ఆకుపచ్చ. వీపున పదహారు, బెంచీ మీద కూర్చునేవాడి అంకె.

"మొదటి ఏడాది చొక్కా" అన్నాడు ఇద్వల్. ఆయనకి పుస్తకం తెరవక్కర్లేదు. "డిసెంబరులో, వాన పడ్డ ఆట. పదహారు తొడుక్కుని దిగింది ఎమ్లిన్ రీస్. మన బీరువా ఎమ్లిన్. నంబరు ముప్ఫై ఒకటి."

నెస్టా కుట్టిన టోపీల్లోంచి ఒకటి తీసి చొక్కా పక్కన పెట్టింది. ముప్ఫై ఒకటి అని మెరుస్తోంది. పక్కన ఉన్న టోపీలన్నీ గిన్నెలయితే అది గంగాళం.

"ఈ టోపీ పట్టే తల ఈ మెడలోంచి దూరుతుందా? నువ్వే చెప్పు."

ఇద్వల్ చొక్కా ఎత్తి చూశాడు. "ఉతికీ ఉతికీ కుంచించుకుపోయి ఉంటుంది."

"నా చేతిలో బట్ట కుంచించుకుపోతుందా? నోరు కడుక్కో ముందు! ఇదిగో, ఈ మరక చూడు. రక్తం. చన్నీళ్ళలో గుప్పెడు ఉప్పేసి నానబెడితే పావుగంటలో వదిలేది. మహానుభావుడు సలసల కాగే నీళ్ళలో వేసి ఉడకబెట్టాడు, ఇక అది జన్మకి పోదు. ఇన్నేళ్ళలో చొక్కా నాకివ్వకుండా తనే ఉతుక్కున్నవాడు వాడొక్కడే. సోమవారం పొద్దున రొట్టెల సంచిలో పెట్టి, వెనక గుమ్మంలో నా చేతికిచ్చి, ఎవరికీ చెప్పకు నెస్టక్కా అన్నాడు. మైదానానికి పనికిరాదని బల్ల కింద వేసి మర్చేపోయాను."

చొక్కా కాలరు తిప్పి చూపించింది. లోపల ఎర్రదారంతో ఆవిడ చేతికుట్టే: ఎమ్లిన్, రొట్టెలు.

ఇద్వల్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. కుట్టు మారలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగావా? అసలు ఆ ఏడాది నువ్వెక్కడున్నావో చెప్పమంటావా?"

ఆ ఏడాది ఆయన ఇంట్లో ఉన్నాడు. నూరేళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు పగలగొట్టుకున్న పై ఊరి క్లబ్బునీ కింది ఊరి క్లబ్బునీ కలిపి, లోయ మొత్తానికి జీతాల మీద ఆడే జట్టు ఒకటి చేశారు. పై ఊరు సగం అలిగింది. ఆ అలకకి పెళ్ళికొడుకు ఇద్వల్. రెండో ఏడాది మెల్లగా వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు, మూడో ఏడు చరిత్రకారుడయ్యాడు. తను చూడని ఆ మొదటి ఏడాదిని పేపరు ముక్కల్లోంచీ, ఎవరు ఏ పాట పాడారో గుర్తున్నవాళ్ళ నోటి నుంచీ నింపుకున్నాడు. పేపర్లో ఉన్నది ఎమ్లిన్ రీస్ అని. జట్టులో ఉన్నది బీరువా ఎమ్లిన్ రీస్. కొండంత మనిషి స్క్రమ్ములో, రెండు జట్లూ తలలు ఆనించి తోసుకునే గుంపులో, మడమతో బంతి లాగే నడిమి స్థానంలో ఆడటమేమిటని ఒక్కసారి అనుమానం వచ్చింది కూడా. అచ్చుతప్పులే అని సర్దేసుకున్నాడు.

"కింది ఊరిదాన్ని, నేనేం చెప్తే నువ్వు వినేవాడివిలే" అంది నెస్టా. ఆ మాట మాత్రం కాస్త మెత్తగానే అంది.

మళ్ళీ కొట్టుకి వెళ్ళేసరికి పదిన్నరయింది. కొట్లో ఎవరూ లేరు. ఎమ్లిన్ బన్నులకి పిండి ముద్దలు చేస్తున్నాడు.

"నువ్వు లోయ జట్టుకి ఆడావా?"

ఎమ్లిన్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "ఎవరు చెప్పారు?"

"నెస్టా ఇస్త్రీ బల్ల."

ఎమ్లిన్ ముద్దని పళ్ళెంలో పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. "బెంచీ మీద ఉండాల్సినవాడికి వాంతులు. శనివారం పదింటికి కోచ్ ఇక్కడికే వచ్చాడు, ఈ బల్ల దగ్గరికే. స్క్రమ్ముకి నడిమివాడు కావాలి, ఊరి క్లబ్బులో నువ్వాడేది అదేగా, ఊరికే కూర్చో చాలన్నాడు. కూర్చున్నా. మనవాడికి కనుబొమ్మ చిట్లింది. కుట్లు వేసుకొచ్చేదాకా నన్ను దించారు. తొమ్మిది నిమిషాలు."

"ఏం చేశావ్?"

"రెండు స్క్రమ్ములన్నా!" ఎమ్లిన్ మోచేతులు రెండూ చాపి, ఎడమ పక్కా కుడి పక్కా కనబడని మనుషుల భుజాలు పట్టుకున్నట్టు వంగాడు. కుడి మడమ నేల మీద చప్పుడు చేసింది. "బంతి ఇలా వచ్చింది. ఇలా లాగా. రెండుసార్లూ మనకే!" యాభై అయిదేళ్ళ మొహం దీపం పెట్టినట్టుంది. అంతలోనే నిటారుగా నిలబడి, సిగ్గుపడి, మళ్ళీ పిండి అందుకున్నాడు.

"ఇంత ఆడి ఎందుకు చెప్పలేదయ్యా?"

ఎమ్లిన్ తలుపు మీది గంట వైపు చూశాడు.

"ఆ ముందురోజు నువ్వు ఇక్కడే నిలబడి అన్నావు కదన్నా. ఆ గంట కిందే. ఆ రెండు రంగుల చొక్కా తొడిగినవాడి చేతి రొట్టె నేను ముట్టనని. నీ వెనక వరసలో పదకొండు మంది. అందరూ ఔనంటే ఔనన్నారు. మా నాన్న లోపల వింటున్నాడు. అందుకే ఆట అయిపోగానే వెనక గేటులోంచి వచ్చేశా. భోజనానికి ఉండలేదు. చొక్కా తీగ మీద ఆరేస్తే పై ఊరంతా చూస్తుందని పొయ్యి మీద ఉడకబెట్టి, పొయ్యి పక్కనే ఆరేశా."

"నేనా? నేనన్నానా ఆ మాట?"

"అన్నావు. సోమవారం వచ్చి రెండు రొట్టెలు పట్టుకెళ్ళావు కూడా."

అందులో ఎత్తిపొడుపు లేదు, జరిగింది చెప్పాడంతే. ఇద్వల్‌కి నేల చీలితే బాగుండుననిపించింది.

"శనివారం నీ నంబరు నీకిస్తాను. ముప్ఫై ఒకటి నీది."

"వద్దన్నా! బీరువా ఆ నంబరు చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. నూట నలభై ఆటలాడినవాడు వాడు. నావి తొమ్మిది నిమిషాలు. పైగా నేను పాడలేదు. పాడకుండా టోపీ ఎక్కడిది?"

ఇద్వల్ గుమ్మం దాటుతుండగా వెనక నుంచి పిలుపు వినిపించింది.

"అన్నా, ఆ చొక్కా ఇంకా ఉందా?"

శుక్రవారం పొద్దున ఇద్వల్ ఆ సంగతంతా నెస్టాకి చెప్పి, "వాడే వద్దంటున్నాడు. ఏ గొడవా లేకుండా చివర్లో రెండు వందల పదిహేను అని ఇచ్చేద్దామా?" అన్నాడు.

"వద్దన్నవాడు చొక్కా ఉందా అని ఎందుకడుగుతాడయ్యా? ఇంత చదువు చదివావు, ఆ మాత్రం తెలీదా?" నెస్టా సూదిలో దారం ఎక్కించింది. "వెనకొచ్చిన బండిని ముందూ, ముందొచ్చిన బండిని వెనకా పంపితే మీ రైల్వేవాళ్ళు ఏమంటారు?"

ఏమంటారో ఇద్వల్‌కి తెలుసు. లేచి మైదానానికి నడిచాడు.

బీరువా ఎమ్లిన్ కుర్రజట్టుకి స్క్రమ్ము నేర్పుతున్నాడు. ఎనిమిదిమంది ఇనుప బండిని నెడుతున్నారు, దాని మీద ఆయన కూర్చుని కేకలేస్తున్నాడు. సగం ఆయన బరువుకే బండి కదలడం లేదు. పొట్టి చేతుల చొక్కా కింద, కొబ్బరిబోండాం లాంటి కండ మీద నీలం రంగులో 31.

ఇద్వల్ దారంతా కూర్చుకున్న ఉపన్యాసం ఆ కండ చూడగానే ఎగిరిపోయింది. "అబ్బాయ్, నీ నంబరు నీది కాదు. తప్పు నాది" అని మొదలుపెట్టి, చొక్కా, మరక, కాలరు, తొమ్మిది నిమిషాలు అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. "లెక్క ప్రకారం నువ్వు తరవాతి ఏడాదివాడివి. యాభై ఎనిమిది. అది నీకిస్తే ఆ తరవాతివాళ్ళందరి నంబర్లూ జరగాలి, టోపీలన్నీ కుట్టేశారు. ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు."

బీరువా దిగాడు. తన చేతిని చూసుకున్నాడు. ఇద్వల్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"రొట్టెల ఎమ్లిన్‌కి చెప్పావా?"

"చెప్పాను. వద్దన్నాడు."

"సరే. నేను చూసుకుంటా" అని, కుర్రాళ్ళని అలాగే వదిలేసి, కోటు భుజాన వేసుకుని గేటు వైపు వెళ్ళిపోయాడు. సగంలో శిక్షణ వదిలి వెళ్ళడం ఆయన చరిత్రలో లేదు. ఆ సంగతి పుస్తకం రాసినవాడికే బాగా తెలుసు.

శనివారం మధ్యాహ్నానికి వాన వెలిసింది. పై ఊరు, కింది ఊరు అంతా గ్యాలరీల్లోనే ఉంది. ఇద్వల్ కొత్త టై కట్టుకుని మైకు ముందు నిలబడ్డాడు. బల్ల మీద ఆకుపచ్చ పుస్తకం, పక్కన టోపీల పెట్టెతో నెస్టా. ఒకటి, రెండు, మూడు. ఊతకర్రతో ఒకరు, మనవరాలి చెయ్యి పట్టుకుని ఒకరు, పొట్ట లోపలికి బిగబట్టి ఒకరు వచ్చి తల వంచుతున్నారు. ఒక్కో టోపీకి చప్పట్లు కొండకి తగిలి తిరిగొస్తున్నాయి.

ముప్ఫై అయింది. ముప్ఫైకీ ముప్ఫై రెండుకీ మధ్య చోటు ఖాళీగా ఉంది. బీరువా రాలేదు. రొట్టెల ఎమ్లిన్ ఎలాగూ రాడు, శనివారం మధ్యాహ్నం ఆయన కొట్లో ఉంటాడు. పేరు ఒక్కటే, చదివేసి ఊరుకుంటే ఎవరికీ తేడా తెలియదు. ఇద్వల్ చెయ్యి పుస్తకం మీద ఉంది. నెస్టా ఆయన్నే చూస్తోంది.

ఇద్వల్ కళ్ళజోడు తీసేశాడు.

"ఇక్కడ నేనొక తప్పు చేశాను" అన్నాడు మైకులో.

గ్యాలరీల్లో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు.

"మొదటి ఏడాది నేనీ మైదానంలో లేను. అలిగి ఇంట్లో కూర్చున్నాను."

"తెలుసులేవయ్యా!" అని కింది ఊరి వైపు నుంచి ఎవరో అరిచారు. గ్యాలరీలు గొల్లుమన్నాయి.

"ఊరికే కూర్చోలేదు. ఆ చొక్కా తొడిగినవాడి రొట్టె ముట్టనన్నాను. ఆ మర్నాడే మా పై ఊరివాడు ఒకడు తొడిగాడు. నా నోటికి జడిసి ఇరవై ఏళ్ళు ఎవరితోనూ అనలేదు. నేను రోజూ వాడి రొట్టే తిన్నాను." పుస్తకం మూసి తలెత్తాడు. "ముప్ఫై ఒకటి. ఎమ్లిన్ రీస్. రొట్టెల ఎమ్లిన్!"

ఎవరూ రాలేదు. ఒక్క నిమిషం అలాగే గడిచింది. అప్పుడు ఆటగాళ్ళు వచ్చే దారిలోంచి బీరువా వచ్చాడు. చంకలో మనిషి. పిండి ఏప్రాను, పిండి బూట్లు, గాలిలో కొట్టుకుంటున్న కాళ్ళు.

"దించరా! పొయ్యిలో బన్నులున్నాయి, మాడిపోతాయి!"

"మాడనీ మామా, ఇవాళ మాడినవే తింటాం!"

తెచ్చి ఖాళీ చోటులో నిలబెట్టాడు. నెస్టా టోపీల పెట్టె అడుగునుంచి ఆ చొక్కా తీసింది. ఏప్రాను మీదే తల దూర్చి లాగింది. మెడ దాటింది, భుజాలు దాటింది, పొట్ట దగ్గర ఆగిపోయింది. టోపీ పెడితే చెవులు దాటి ముక్కు మీదికి జారింది. చొక్కా చాలక, టోపీ ఎక్కువై నిలబడ్డ ఆ మనిషిని చూసి జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు, కొంతమంది ముక్కు చీదుకున్నారు.

బీరువా మైకు లాక్కున్నాడు.

"ఆ రోజు నాకు పదిహేడేళ్ళు. అదిగో, ఆ కడ్డీ దగ్గర నిలబడి ఉన్నా. ఈయన రెండు బంతులు లాగడం కళ్ళారా చూశా. స్క్రమ్ములో ఆడితే ఇలాంటివాడి పక్కన ఆడాలనుకున్నా. తరవాత జాబితాలో ఆ నంబరు నా పేరు పక్కన కనబడింది. నోరు విప్పితే పోతుందని నోరు మూసుకున్నా. సిగ్నల్ మామది సగం తప్పే. మిగతా సగం నాది." చొక్కా చెయ్యి పైకి మడిచాడు. నీలం 31 కింద, ఇంకా ఎర్రగా వాచి ఉన్న చర్మం మీద, నిన్ననే పొడిపించిన రొట్టె బొమ్మ. "ఇది చెరగదు. ఈ నంబరు ఎవరిదో కింద వేయించుకుంటే సరిపోతుందనుకున్నా."

"మరి నీ నంబరు?" అన్నాడు ఇద్వల్.

"ఎవర్నీ జరపకు మామా. నేను చివర్న నిలబడతా. రెండు వందల పదిహేను."

నూట నలభై ఆటలాడినవాడు వెళ్ళి, నిరుడు వచ్చిన పంతొమ్మిదేళ్ళవాడి వెనక నిలబడ్డాడు. ఆ కుర్రాడు వెనక్కి తిరిగి చూసి, "కొత్తోడా, బుద్ధిగా ఉండాలి! సాయంత్రం కుర్చీ ఎక్కి పాడాలి!" అన్నాడు. వరసంతా నవ్వింది.

"ముందు పాతబాకీ!" అని ముప్ఫై రెండోవాడు అరిచాడు. "ముప్ఫై ఒకటి పాడాలి!"

ఎవరో బెంచీ దగ్గర నుంచి కుర్చీ తెచ్చారు. ఎమ్లిన్ వద్దు వద్దంటూనే ఎక్కాడు. టోపీ వెనక్కి నెట్టుకున్నాడు, చేతులు ఏప్రానుకి తుడుచుకున్నాడు, పాడటం మొదలుపెట్టాడు.

అదే పాట.

మొదటి చరణం దాటింది. ఇద్వల్ బల్ల అంచు పట్టుకున్నాడు. పొద్దున్నే పిండి పిసుకుతూ పాడే పాట, తను విసుక్కున్న పాట, ఇరవై ఏళ్ళ కిందటి ఆ సాయంత్రం కుర్చీ ఎక్కి పాడటానికి దాచుకున్న పాట. ఇన్నేళ్ళూ వాడు పాడుకుంటున్నది కొట్లో కాదు, ఈ కుర్చీ మీద. రెండో చరణం దాటింది. మూడోది మొదలైంది. గంట మోగలేదు. ఆ చరణం ఎంత పైకి వెళ్తుందో ఇద్వల్ అప్పుడే మొదటిసారి విన్నాడు. చివరి పాదానికి పై ఊరూ కింది ఊరూ కలిసి హెచ్చు నుంచి తగ్గు దాకా నాలుగు గొంతులుగా అందుకున్నాయి. మావాళ్ళకి అది ఎవరూ నేర్పక్కర్లేదు. ఇద్వల్ మాత్రం పాడలేకపోయాడు. కళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు.

పాట అయిపోయాక పుస్తకం తెరిచి, ముప్ఫై ఒకటి దగ్గర పెన్సిలు పెట్టాడు. నెస్టా ఆ పెన్సిలు లాక్కుని, చొక్కాల మీద పేర్లు రాసే నల్ల పెన్ను చేతిలో పెట్టింది.

"దీంతో పెట్టు. ఉడకబెట్టినా పోదు."

'పాట' గడిలో పాత పెన్సిలు టిక్కు మీదే ఇద్వల్ పెద్ద టిక్కు పెట్టాడు. అది గడి దాటి పక్క గీత మీదికి కూడా పోయింది. పోనిచ్చాడు.

సోమవారం ఉదయం ఏడింటికి రోజులాగే కొట్టుకి వెళ్ళాడు. లోపల పిండి బల్ల మీద పడుతున్న చప్పుడు, దాంతోపాటే పాట. కొత్త పాట. ఎమ్లిన్‌కి ఇంకా సరిగ్గా రావడం లేదు, రెండో చరణంలో తడబడి మళ్ళీ మొదటికి వచ్చాడు. ఇద్వల్ తలుపు సందులోంచి చెయ్యి పెట్టి గంట నాలుకని వేళ్ళతో పట్టుకుని, పాట పూర్తయ్యేదాకా బయటే నిలబడ్డాడు.